ఇంటి బాతుల గుడ్లకు నీచు వాసన, పచ్చసొనకు వింత రంగు: లోపం గుడ్డుదా, మేతదా, వంటదా?

పాకాల_ఆయకట్టు
మాది నర్సంపేట దగ్గర, పాకాల చెరువు కింద ఉన్న ఊరు. పెరట్లో కొన్ని ఖాకీ క్యాంప్‌బెల్ బాతులను పెంచుతున్నాము. అవి గుడ్లు బాగానే పెడుతున్నాయి, కాని ఇంట్లో తినేవారే కరువయ్యారు. అట్టు వేస్తే తెల్లసొన రబ్బరులా సాగుతోంది, నోట్లో పెట్టుకోగానే నీచు వాసన కొడుతోంది. పైగా ఫ్రిజ్‌లో కొన్ని వారాలుగా ఉన్న గుడ్లను పగలగొడితే పచ్చసొన మీద ఆకుపచ్చ కలిసిన గోధుమరంగు మచ్చలు కనిపించాయి, ఒకదాని తెల్లసొన లేత గులాబి రంగులో ఉంది. అది చూసిన మా అత్తమ్మ ఇకమీదట బాతు గుడ్డు వంటింటి గడప దాటకూడదని తీర్మానించారు, పిల్లలు ఆమె పక్షమే చేరారు. తాజా గుడ్లు పగలగొట్టినప్పుడు రంగులో ఏ తేడా కనిపించడం లేదు. ఇది బాతు గుడ్డు సహజ గుణమా, లేక మా పెంపకంలో ఏదైనా తేడా ఉందా? మీ ఇళ్లలో వీటిని ఎలా వండుతున్నారో కూడా చెప్పగలరు.

హన్మకొండ_వంటిల్లు
రంగు సంగతి తెలిసినవారు చెబుతారు. రబ్బరులా సాగడం మాత్రం మంట వల్ల వచ్చే తిప్పలు. బాతు గుడ్డు తెల్లసొన కోడిగుడ్డు తెల్లసొన కంటే చిక్కగా ఉంటుంది, పెద్ద మంట తగిలితే త్వరగా బిగుసుకుపోతుంది. కోడిగుడ్డు అట్టుకు పెనాన్ని పొగలు వచ్చేదాకా కాల్చే అలవాటు మనలో చాలామందికి ఉంది. ఆ అలవాటుతో బాతు గుడ్డు వేస్తే తోలు తిన్నట్లే ఉంటుంది. పెనం ఓ మోస్తరుగా వేడెక్కగానే మంట తగ్గించాలి. గుడ్లను బాగా గిలకొట్టి, గుడ్డుకు ఒక చెంచా చొప్పున పాలో నీళ్లో కలిపి, సన్నగా తరిగిన ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, కొత్తిమీర వేసి, మూతపెట్టి లోపలి దాకా మగ్గనివ్వాలి. నీచు తగలకుండా నేను దంచిన మిరియాలు, చిటికెడు పసుపు, కొద్దిగా వాము నలిపి వేస్తాను. అల్లం ఎల్లిగడ్డ ముద్ద అట్టులో వేస్తే అడుగంటుతుంది కాబట్టి దానిని కూరకే ఉంచుకుంటాను.

కాజీపేట_జంక్షన్
అక్కా, మీ గుడ్లను మా రైల్వే క్వార్టర్లకు పంపండి. ఇక్కడ బెంగాలు నుంచి, కేరళ నుంచి వచ్చిన కుటుంబాలు బాతు గుడ్డు అనగానే సంచి పట్టుకొని బయలుదేరతాయి. వారికి కోడిగుడ్డే చప్పగా ఉంటుందట. మనకు నాలుక అలవాటు పడలేదు, అంతకుమించి ఏమీ లేదు.

మామునూరు_పశువైద్యం
అలవాటు కొంత నిజమే కాని, పచ్చసొన మచ్చలకు, గులాబి రంగు తెల్లసొనకు అలవాటుతో సంబంధం లేదు. పాకాల అక్క గారిని ఒక్క విషయం అడగాలి. మీ ఇంట్లో బర్రెలు ఉన్నాయా? ఉంటే వాటి దాణాలో పత్తి చెక్క కలుపుతున్నారా? బాతులు ఆ కుడితి దగ్గరకు వెళ్తున్నాయా?

పాకాల_ఆయకట్టు
రెండు బర్రెలు ఉన్నాయి. పత్తి చెక్క నానబెట్టి కుడితిలో కలుపుతాము. బాతులకు వేరుగా నూకలు, తవుడు వేస్తాము, కాని అవి తమ మేత తినగానే గోలెం దగ్గర చేరి, కింద ఒలికినదంతా ఏరుకొని తింటాయి. మా మరిది చెరువులో చేపలు పట్టినప్పుడు శుభ్రం చేయగా మిగిలిన పేగులు, మొప్పలు కూడా వాటికే వేస్తుంటాడు, అవి ఎగబడి తింటాయి.

మామునూరు_పశువైద్యం
రెండు సమస్యలకు రెండు కారణాలు మీరే చెప్పారు.

పత్తి గింజలో గాసిపాల్ అనే పసుపుపచ్చని రంగు పదార్థం ఉంటుంది. బర్రె వంటి నెమరువేసే పశువు పెద్ద పొట్టలో అది చాలావరకు కట్టుబడిపోతుంది కాబట్టి, మితంగా పెట్టినంతకాలం పాడిపశువుకు ఇబ్బంది ఉండదు. కోడికీ బాతుకూ అటువంటి పొట్ట లేదు. గాసిపాల్ పచ్చసొనలో చేరి, గుడ్డు నిల్వ ఉన్నకొద్దీ అక్కడి ఇనుముతో కలిసి ఆకుపచ్చగానో గోధుమరంగులోనో మచ్చలు కడుతుంది. తాజా గుడ్డులో కనిపించనిది ఫ్రిజ్‌లో ఉంచిన గుడ్డులో కనిపించడానికి కారణం ఇదే. గులాబి రంగు కూడా పత్తి గింజ నుంచే వస్తుంది, కాని అది గాసిపాల్ పని కాదు. పత్తి గింజ నూనెలో ఉండే ఒక రకం కొవ్వు ఆమ్లాలు పచ్చసొన చుట్టూ ఉన్న పొరను సడలిస్తాయి. అప్పుడు లోపలి ఇనుము తెల్లసొనలోకి జారి, అక్కడి మాంసకృత్తితో కలిసి గులాబి రంగు ఇస్తుంది. మన జిల్లాలో పత్తి పండని ఊరు, పత్తి చెక్క లేని పశువుల కొట్టం అరుదు కాబట్టి, ఇటువంటి గుడ్ల గురించి తరచుగా వింటుంటాను.

నీచు వాసనకు చేపల వ్యర్థాలే మొదటి అనుమానితులు. చేప కొవ్వు పచ్చసొనలోకి నేరుగా వస్తుంది, బాతు గుడ్డులో పచ్చసొన పాలు, కొవ్వు పాలు రెండూ ఎక్కువ కాబట్టి వాసన మరింత తెలుస్తుంది. ఈ రెండు మేతలనూ ఆపండి. ఒక పచ్చసొన పెరిగి పూర్తి కావడానికి సుమారు 10 రోజులు పడుతుంది, ఒంట్లో మిగిలినది కూడా పోవాలి కాబట్టి మూడు వారాలైనా ఆగి తేడా చూడండి. మచ్చలు ఉన్న గుడ్లను పారవేయడమే మంచిది.

మానేరు_ఒడ్డు
పత్తి చెక్క విషయంలో డాక్టరు గారి మాట కాదనను. నీచు వాసన మొత్తాన్ని చేపల మీదికి నెట్టడం మాత్రం నేను ఒప్పుకోను. మా బాతులు వరి మడుల్లో నత్తలు, పురుగులు, చిన్న చేపలు, ఏది దొరికితే అది తింటాయి, అయినా మా గుడ్లకు వాసన లేదు. అసలు తేడా గుడ్డు ఎక్కడ పడింది అన్నదాంట్లో ఉంది. బాతు కోడిలాగా గంప వెతుక్కొని గుడ్డు పెట్టదు, ఎక్కడ ఉంటే అక్కడే వదిలేస్తుంది. బురదలో, రెట్టలో గంటల తరబడి పడి ఉన్న గుడ్డు పెంకు రంధ్రాల గుండా ఆ కంపునంతా లోపలికి పీల్చుకుంటుంది. మా దగ్గర బాతుల గూటిలో ఎండు వరిగడ్డి మందంగా పరిచి, తడిసిన భాగాన్ని ఎప్పటికప్పుడు తీసివేస్తాము. పొద్దున 9 గంటల దాకా తలుపు తీయము. బాతులు దాదాపు అన్ని గుడ్లనూ తెల్లవారుజామున, పొద్దెక్కకముందే పెడతాయి కాబట్టి, గుడ్లన్నీ గడ్డి మీదనే, శుభ్రంగా దొరుకుతాయి.

ములుగు_మాస్టారు
9 గంటల నియమం ముత్యాల మాట. ఆరింటికే తలుపు తీసేవారి గుడ్లలో సగం చెరువుకు కాపలా కాస్తుంటాయి. మా ఊరి కుంట ఎండినప్పుడు అడుగున దొరికిన గుడ్లను పిల్లలు బంతుల్లా విసురుకుంటుంటే, వాసనకు వీధి వీధంతా తలుపులు మూసుకుంది.

మామునూరు_పశువైద్యం
మానేరు అన్న చెప్పినదానిలోనూ నిజం ఉంది, కాబట్టి రెండూ సరిచేయడం మంచిది. ఒక తేడా మాత్రం గమనించండి. మడిలో తిరుగుతూ నాలుగు నత్తలు, రెండు చేప పిల్లలు తినే బాతు వాటితో పాటు గడ్డి, నాచు, రాలిన వడ్లు కూడా తింటుంది. గంపెడు చేప పేగులను ఒక్కసారి ఎదుట కుమ్మరిస్తే ఆ పూట మేత మొత్తం అదే అవుతుంది.

గడ్డిపూలు
గుడ్లు బురదతో ఉంటే కడిగితే సరిపోదా? మేము ఏరిన వెంటనే బకెట్టు నీళ్లలో వేసి, పీచుతో రుద్ది ఆరబెడతాము.

హన్మకొండ_వంటిల్లు
చెల్లె, అదే చేయవద్దు. పెంకు మీద సహజంగా ఒక సన్నని పూత ఉంటుంది, రంధ్రాలను మూసి ఉంచేది అదే. రుద్ది కడిగితే ఆ పూత పోతుంది. అప్పుడే పెట్టిన వెచ్చని గుడ్డును చల్లని నీళ్లలో వేస్తే లోపలి గాలి కుంచించుకొని, పెంకు మీది మురికినీటిని లోపలికి లాగుతుంది. బకెట్టులో నానబెట్టడం అంతకంటే చేటు. ఎండిన మట్టిని పొడి గుడ్డతో తుడిచి దాచుకోండి. బాగా మురికిగా ఉన్నవాటిని విడిగా పెట్టి, అదే రోజు గుడ్డు కంటే కొంచెం వేడిగా ఉన్న పారే నీటితో కడిగి, అదే పూట వండేయండి. కడిగిన గుడ్డు నిల్వకు పనికిరాదు.

బతుకమ్మ_కుంట
గుడ్లను ఉల్లిగడ్డల బుట్ట పక్కన, ఎండు చేపల డబ్బా పక్కన పెట్టవద్దని కూడా చేర్చండి. మా ఇంట్లో అట్టు తింటే ఎండు రొయ్యల రుచి రావడానికి కారణం ఆ అలమార అరేనని తెలిసింది.

పొద్దుటి_కసరత్తు
ఇంత చర్చ అవసరమా అనిపిస్తోంది. నేను వ్యాయామశాల నుంచి రాగానే పచ్చి బాతు గుడ్డును పాలలో కొట్టుకొని తాగుతాను. వాసన తెలిసేలోపే గొంతు దిగిపోతుంది. మా తాతలు కూడా పచ్చి గుడ్లు తాగినవారే.

మామునూరు_పశువైద్యం
తమ్మీ, ఈ ఒక్క అలవాటు మానుకో. బాతులు నీళ్లలో, బురదలో తిరిగే పక్షులు కాబట్టి వాటి గుడ్లలో సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి ఉండే ముప్పును తేలికగా తీసుకోకూడదు. అది పెంకు మీదనే కాకుండా, బాతు ఒంట్లో ఉంటే గుడ్డు లోపలికి కూడా చేరుతుంది. 2010లో ఇంగ్లండు, ఉత్తర ఐర్లండు ప్రాంతాల్లో బాతు గుడ్ల ద్వారానే ఈ జబ్బు చాలామందికి సోకింది. పచ్చసొన, తెల్లసొన రెండూ గట్టిపడేదాకా ఉడికిస్తే ఆ భయం ఉండదు. పిల్లలకు, గర్భిణులకు, ముసలివారికి సగం ఉడికిన బాతు గుడ్డు పెట్టనే కూడదు. కండల కోసమే తాగుతున్నావంటే మరొక మాట: ఉడికించిన గుడ్డులోని మాంసకృత్తులు పచ్చి గుడ్డులోని వాటికంటే చాలా ఎక్కువగా ఒంటికి పడతాయి. పచ్చి తెల్లసొనలోని అవిడిన్ అనే పదార్థం బయోటిన్ అనే విటమిన్‌ను ఒంటికి అందకుండా పట్టేసుకుంటుంది, వేడి చేస్తే దాని బలం పోతుంది.

పొద్దుటి_కసరత్తు
సగం తాగిన గ్లాసు పక్కనే ఉంది. రేపటి నుంచి ఉడకబెడతాను.

ములుగు_మాస్టారు
ఆ మిగిలిన సగం కూడా పారబోయి నాయనా.

జనగామ_దారి
గుండె సంగతి ఎవరూ మాట్లాడడం లేదు. మా నాన్నకు గుండె రక్తనాళంలో స్టెంటు వేశారు. ఊరి నుంచి బంధువులు వచ్చినప్పుడల్లా బాతు గుడ్లు మంచి బలమని సంచి నిండా తెస్తారు. పెట్టవచ్చా?

హన్మకొండ_వంటిల్లు
నేను వైద్యురాలిని కాదు, అంకెలు మాత్రం చెప్పగలను. సుమారు 70 గ్రాముల బాతు గుడ్డులో 9 గ్రాముల మాంసకృత్తులు, 9 గ్రాములకు పైగా కొవ్వు, 600 మిల్లీగ్రాములకు పైగా కొలెస్టరాల్ ఉంటాయి. 50 గ్రాముల కోడిగుడ్డులో మాంసకృత్తులు 6 గ్రాములు, కొవ్వు 5 గ్రాములు, కొలెస్టరాల్ 185 మిల్లీగ్రాముల దగ్గర ఉంటాయి. బి12 విటమిన్ కూడా బాతు గుడ్డులోనే చాలా ఎక్కువ. అందుకే పెరిగే పిల్లలకు, పొలం పని చేసేవారికి అది మంచి ఆహారం.

మానేరు_ఒడ్డు
తిండిలోని కొలెస్టరాల్ గురించి అంత భయపడనవసరం లేదని ఇప్పుడు వైద్యులే అంటున్నారు. అమెరికా ఆహార మార్గదర్శకాల నుంచి రోజుకు 300 మిల్లీగ్రాములు అన్న హద్దును 2015 తరువాత తీసివేశారు కూడా. మా తాత జీవితమంతా బాతు గుడ్లు తిని తొంభై దాటారు.

జనగామ_దారి
మీ తాత గారు రోజంతా నాగలి పట్టి ఉంటారు, మా నాన్న రోజంతా టీవీ మీటలు పట్టి ఉంటారు. ఆరోగ్యంగా ఉన్నవారికి చెప్పిన మాట స్టెంటు వేసినవారికీ వర్తిస్తుందా అన్నదే నా ప్రశ్న.

మామునూరు_పశువైద్యం
వర్తిస్తుందని అనుకోవద్దు. హద్దు తీసివేసినవారే, కొలెస్టరాల్‌ను వీలైనంత తక్కువగా తీసుకోమని కూడా అక్కడే రాశారు. నేను పశువుల వైద్యుడిని, కాబట్టి మీ నాన్న గారి గుండె డాక్టరును అడగండి. అడిగేటప్పుడు గుడ్డు తినవచ్చా అని కాకుండా, బాతు గుడ్డు అని విడమరచి, పైన చెప్పిన అంకెతో సహా అడగండి. గుడ్డు అనగానే వారు కోడిగుడ్డు అనుకొని సరే అనే అవకాశం ఉంది. కోడిగుడ్డు పడనివారు, తింటే దద్దుర్లు వచ్చేవారు కూడా బాతు గుడ్డు వేరే గుడ్డు కదా అని ప్రయోగం చేయకూడదు. చాలామందికి రెండూ పడవు.

ఓరుగల్లు_పెద్దమ్మ
ఇంత చదువు చెప్పుకున్నారు, కూర సంగతి మాత్రం ఒక్కరూ చెప్పలేదు. బాతు గుడ్డుకు తగినది పులుసే. కొవ్వు ఎక్కువగా ఉన్న గుడ్డుకు చింతపండు పులుపు పడాలి, అప్పుడే నోటికి సరిపోతుంది.

పులుసుకు నిన్నటి గుడ్లు తీసుకోవద్దు. వారం దాటిన గుడ్లయితే పెంకు సులువుగా వస్తుంది, తాజా గుడ్డు వలిస్తే తెల్లసొన సగం పెంకుతోనే పోతుంది. ఆరు గుడ్లను గిన్నెలో పెట్టి, మునిగేదాకా చల్లని నీళ్లు పోసి పొయ్యి మీద పెట్టండి. మరగగానే మంట తగ్గించి 12, 13 నిమిషాలు ఉంచి, వెంటనే చల్లని నీళ్లలో వేయండి. అంతకంటే ఎక్కువసేపు ఉడికిస్తే పచ్చసొన చుట్టూ నల్లని ఆకుపచ్చ గీత పడుతుంది. దానితో ప్రమాదం ఏమీ లేదు కాని కూర అందం పోతుంది. రెండు చెంచాల నువ్వులు, రెండు చెంచాల పల్లీలు, ముప్పావు చెంచా ధనియాలు, పది మెంతి గింజలు, చిన్న ఎండుకొబ్బరి ముక్క విడివిడిగా వేయించి మెత్తగా నూరండి. నూనెలో జీలకర్ర, కరివేపాకు, రెండు పెద్ద ఉల్లిగడ్డలు వేసి ఎర్రగా వేగనివ్వండి, తొందరపడితే పులుసుకు తీపి దిగదు. తరువాత అల్లం ఎల్లిగడ్డ ముద్ద, పసుపు, కారం, ఉప్పు వేయండి. నిమ్మకాయంత చింతపండు పిండిన పులుసు పోసి బాగా మరిగాక నూరిన పొడి కలపండి. నూనె పైకి తేలినప్పుడు, గుడ్లకు నాలుగు పక్కలా సన్నని గాట్లు పెట్టి వేసి, సన్నని మంట మీద పది నిమిషాలు మూత పెట్టండి. పొద్దున చేసి రాత్రి జొన్న రొట్టెతో తినండి, గాట్లలోంచి పులుసు పచ్చసొన దాకా దిగి ఉంటుంది.

బాతు గుడ్డు మొలలకు, ఆయాసానికి మంచిదని మా అమ్మ ఎప్పుడూ చెప్పేది. ఆ మాట కూడా గుర్తుంచుకోండి.

హన్మకొండ_వంటిల్లు
పెద్దమ్మా, ఉడికిన గుడ్లను ముందుగా పసుపు నూనెలో వేయించరా? మా ఇంట్లో వేయించనిదే పులుసులో వేయము.

ఓరుగల్లు_పెద్దమ్మ
కోడిగుడ్డుకు వేయించు బిడ్డా. బాతు గుడ్డును వేయిస్తే పైన పొర ఇంకా గట్టిపడుతుంది. ఆ అమ్మాయి రబ్బరు అని మొత్తుకునేది దాని గురించే కదా.

జనగామ_దారి
పులుసు సంగతి సరే, మొలలకు మందు అన్న మాటను మాత్రం నమ్మి వైద్యం వాయిదా వేసుకోవద్దు. మొలలకు కావలసినది పీచు ఉన్న తిండి, నీళ్లు. గుడ్డులో పీచు అన్నదే లేదు. ఆయాసం ఉన్నవారికి అసలు మందు మానిపిస్తే ప్రాణం మీదికి వస్తుంది.

ఓరుగల్లు_పెద్దమ్మ
మందు మానమని నేను అనలేదు. పులుసు మానవద్దని అన్నాను.

చపాటా_ఎరుపు
రంగు గురించి మొదలైంది కాబట్టి మంచి రంగు గురించి కూడా చెబుతాను. మాది మిరప తోట. ఏరివేతలో పక్కకు పోయిన చపాటా మిరపకాయల తుక్కును దంచి, తవుడులో కొద్దిగా కలిపి బాతులకు వేస్తాము. పక్షులకు మిరప మంట తెలియదు. పచ్చసొన మాత్రం నారింజ ఎరుపులోకి తిరుగుతుంది. మక్కలు, ఆకుకూరలు, నాచు తిన్నా రంగు వస్తుంది, నూకలు మాత్రమే తింటే పచ్చసొన పాలిపోతుంది. రంగు ముదిరినంత మాత్రాన బలం పెరిగినట్లు కాదు, కాని సంతలో కొనేవారి కన్ను ముందుగా దాని మీదే పడుతుంది. బూజు పట్టిన కాయ, ఈ మధ్య మందు కొట్టిన కాయ మాత్రం వేయకూడదు.

మామునూరు_పశువైద్యం
బూజు మాట వచ్చింది కాబట్టి గట్టిగా చెబుతున్నాను. బాతులు, ముఖ్యంగా బాతు పిల్లలు, బూజు నుంచి వచ్చే అఫ్లటాక్సిన్ విషాన్ని కోళ్లకంటే చాలా తక్కువగా తట్టుకుంటాయి. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోయిన తరువాతనే ఈ విషం సంగతి లోకానికి తెలిసింది, కారణం బూజు పట్టిన పల్లి చెక్క. అప్పుడు బాతు పిల్లలు కూడా చనిపోయాయి. వానకు తడిసిన మక్కలను మనం తినము కదా, బాతులకు వేద్దాం అనుకునే ఇళ్లు మన దగ్గర చాలా ఉన్నాయి. తడిసి ముక్కిన మక్కలు, ముద్దకట్టిన పల్లి చెక్క వేయకండి. ఎండబెట్టినా, ఉడికించినా ఆ విషం పోదు.

మందుల విషయం కూడా అంతే ముఖ్యం. వరి నారుమడిలో గుళికలు చల్లిన తరువాత, పత్తి మీద మోనోక్రోటోఫాస్ వంటి మందు కొట్టిన తరువాత బాతులను అటువైపు వదలకూడదు. పక్షులకు ఈ మందులు తీవ్రమైన విషం. బతికి బయటపడిన బాతు గుడ్డులో కూడా వాటి శేషం ఉండవచ్చు.

రామగుండం_ఎండ
ఇక్కడ ఎండాకాలం 45 డిగ్రీలు తగులుతుంది. మా గుడ్లలో రక్తపు చారలు, సాలెగూడు వంటి గీతలు కనిపిస్తున్నాయి. ఏ బాతూ పొదగడం లేదు, ఖాకీ బాతులకు పొదిగే గుణం లేదని అమ్మినవారే చెప్పారు. ఇవి కూడా పత్తి చెక్క వల్లేనా?

మానేరు_ఒడ్డు
కాదు, అది మీ మగబాతు, మీ ఎండ కలిసి చేసిన పని. మగబాతుతో కలిసిన గుడ్డులో సుమారు 21 డిగ్రీలు దాటితే పిండం మెల్లగా ఎదగడం మొదలవుతుంది. మీ ఊరి ఎండలో గుడ్డును మధ్యాహ్నం దాకా వదిలేస్తే అదే పొదుగు. పొద్దునే ఏరి, తడి గోనెపట్టా కప్పిన చల్లని మూలలోనో ఫ్రిజ్‌లోనో పెట్టండి. పిల్లలు అవసరం లేకపోతే మగబాతును వేరు చేయండి, మగబాతు లేకున్నా బాతులు గుడ్లు పెడతాయి. అనుమానం ఉన్న గుడ్డును చీకటి గదిలో టార్చి ముందు పట్టుకొని చూస్తే గీతలు కనిపిస్తాయి. నీళ్లలో వేసి చూసే పద్ధతి గుడ్డు వయసును మాత్రమే చెబుతుంది. పాతబడినకొద్దీ లోపలి గాలి అర పెరిగి పైకి తేలుతుంది, కాని తేలనంత మాత్రాన లోపల పిండం లేదని అనుకోకూడదు.

పాకాల_ఆయకట్టు
పిల్లలు కావాలంటే ఖాకీ బాతులు పొదగవు కదా, మరి ఏం చేస్తారు?

మానేరు_ఒడ్డు
పొదుగు మీద ఉన్న నాటుకోడి కింద పెడతాము. కోడి పిల్లలకు 21 రోజులు, బాతు పిల్లలకు 28 రోజులు పడుతుంది కాబట్టి ఓపిక ఉన్న కోడిని ఎంచుకోవాలి. కోడి సైజును బట్టి ఏడెనిమిది గుడ్లకు మించి పెట్టకూడదు. పిల్లలు పుట్టాక నీళ్లలోకి దూకుతుంటే ఆ తల్లి కోడి గట్టు మీద పడే అవస్థ చూడలేము.

కేకు_సీతాకోక
కేకు చేసేవారు ఎవరూ లేరా? బాతు గుడ్డు వేసిన కేకు మెత్తగా, నిండుగా వస్తుంది. లెక్క మాత్రం గుడ్ల సంఖ్యతో కాకుండా తూకంతో చూసుకోవాలి, మూడు కోడిగుడ్ల చోట రెండు బాతు గుడ్లు దాదాపుగా సరిపోతాయి. తెల్లసొన ఒక్కటే విడిగా గిలకొడితే నురుగు ఒక పట్టాన లేవదు, కొన్ని చుక్కల నిమ్మరసం పిండితే లేస్తుంది. యాలకుల పొడి, నారింజ తొక్క తురుము వేస్తే గుడ్డు వాసన అన్న ఊసే ఉండదు. మా ఇంట్లో గుడ్డు వద్దనే పిల్లలు కేకు డబ్బా ఖాళీ చేసి, ఏ గుడ్డు వేశావని తరువాత అడిగారు.

పాకాల_ఆయకట్టు
గోలెం చుట్టూ తడిక కట్టించాము. చేపల వ్యర్థాలను ఎరువు గుంతలోనే పూడ్చమని మరిదికి చెప్పాను, తలుపు 9 గంటలకు తీస్తున్నాము. అత్తమ్మ పులుసు సంగతి చదివించుకొని విన్నారు. చింతపండు పడితే చూద్దాం అన్నారు, మా ఇంట్లో అది పెద్ద మాటే. ఈ మూడు వారాలు గడిచాక వచ్చే గుడ్లు మా అవసరానికి మించి ఉంటాయి. వాటిని నిల్వ చేసే మార్గం ఉందా?

కాజీపేట_జంక్షన్
రైల్వే క్వార్టర్లు ఉన్నాయని మొదటే చెప్పాను. మా పక్కింటివారు ఉప్పులో కూడా ఊరవేస్తారు, అన్నంలో సగం గుడ్డు నలుపుకొని తింటే వేరే కూర అక్కరలేదు. తయారీ వివరం మాత్రం నాకు తెలియదు, తినడం వరకే నా ప్రావీణ్యం.

హన్మకొండ_వంటిల్లు
తయారీ నేను చెబుతాను. ఇది చైనా నుంచి ఆగ్నేయాసియా దేశాల దాకా ఉన్న పద్ధతి, కొవ్వు ఎక్కువ కాబట్టి దీనికి బాతు గుడ్డే సరైనది. లీటరు నీటికి పావు కిలో ఉప్పు వేసి మరిగించి పూర్తిగా చల్లార్చండి. పగుళ్లు లేని శుభ్రమైన గుడ్లను టార్చి ముందు చూసి ఎంచుకొని, పింగాణీ జాడీలో పేర్చి ఆ నీళ్లు పోయండి. గుడ్లు పైకి తేలుతాయి కాబట్టి చిన్న పళ్లెం బోర్లించి, అన్నీ మునిగి ఉండేలా చూడండి. మూడు వారాలకు ఒక గుడ్డు తీసి ఉడికించి చూస్తే పచ్చసొన గట్టిపడి, నూనె కారుతూ, ఇసుకలా పొడిపొడిగా ఉంటుంది. ఉప్పు చాలదనిపిస్తే మరో వారం ఉంచండి, సరిపోయిందనుకుంటే అన్నింటినీ బయటికి తీసి ఫ్రిజ్‌లో పెట్టండి. ఇవి పచ్చివే కాబట్టి ఉడికించకుండా తినకూడదు. రక్తపోటు ఉన్నవారు దీని జోలికి పోవద్దు.

జనగామ_దారి
ఊరగాయకు వాడే గల్ల ఉప్పు పనికి వస్తుందా, మెత్తటి ఉప్పే కావాలా?

హన్మకొండ_వంటిల్లు
గల్ల ఉప్పే మంచిది, కాని దానిలో మట్టి ఉంటుంది. మరిగించిన తరువాత పలుచటి గుడ్డలో వడగట్టండి. గిన్నెతో కాకుండా తూకంతోనే వేయండి, గల్లల మధ్య ఖాళీ వల్ల గిన్నె కొలతకు ఉప్పు తక్కువ పడి నీళ్లు పాడవుతాయి.